పిల్లల సర్జరీ సూపర్, బిల్లింగ్ దేవుడికే ఎరుక: 4 స్టార్లు

మా పాపకి ఆరేళ్లు. నాలుగు నెలలుగా జొరం వస్తూ పోతూ ఉంది, అన్నం ముట్టదు, బరువు తగ్గిపోయింది, హిమోగ్లోబిన్ 7కి పడింది. మా ఊళ్లో ఎప్పుడు చూపించినా ఐదు రోజుల యాంటీబయాటిక్ రాసిచ్చేవాళ్లు, తగ్గేది, మళ్లీ మామూలే. ఒకరోజు నీళ్లు పోస్తుంటే మా ఆవిడ చేతికి ఎడమ డొక్కలో గట్టిగా ఏదో తగిలింది. సీటీ స్కాన్ తీసి విల్మ్స్ ట్యూమర్ కావచ్చన్నారు, అంటే పిల్లలకొచ్చే కిడ్నీ క్యాన్సర్. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

హైదరాబాద్‌లో ఈ హాస్పిటల్‌కి పరిగెత్తుకొచ్చాం. ఇక్కడి సర్జన్ గారు తొందరపడలేదు, మేం తెచ్చిన సీటీ చూసి యూరిన్ కల్చర్ పంపించారు, ప్రోటియస్ అనే బ్యాక్టీరియా వచ్చింది. తర్వాత సీటీ ఫిల్మ్ లైట్ మీద పెట్టి, మధ్యలో తెల్లగా రాయి, చుట్టూ నల్లటి గుండ్రాలు, ఎలుగుబంటి పంజాలా లేదూ అని పాపని అడిగితే అదేమో పిల్లి కాలు అంది 😄

జబ్బు పేరు జాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్, నాకు ఇప్పటికీ నోరు తిరగదు. రాయి అడ్డంపడి మూత్రం సరిగా దిగక, ఇన్ఫెక్షన్ లోపలే మగ్గి మగ్గి కిడ్నీని తినేస్తే, ఆ చోట కొవ్వు పట్టిన కణాలు చేరతాయంట. పిల్లల్లో చాలా అరుదు, వచ్చినా చూడ్డానికి క్యాన్సర్ గడ్డలాగే ఉంటుందంట. కిడ్నీ ఎంత పని చేస్తుందో చూసే డీఎంఎస్ఏ స్కాన్‌లో ఎడమ కిడ్నీ అసలు పని చెయ్యట్లేదని తేలింది, కుడిది బాగుంది, కాబట్టి ఎడమది మొత్తం తీసెయ్యాలన్నారు. చిన్న రంధ్రాలు పెట్టి కీహోల్‌లో చెయ్యరా సార్ అని అడిగా, ఇది పక్కనున్న పేగుకీ వెనక కండకీ అతుక్కుపోయి ఉంది, ఓపెన్ చేస్తేనే నాకు ధైర్యం అన్నారు. ముందు యాంటీబయాటిక్స్, రక్తం ఎక్కించి అప్పుడు చేశారు, నాలుగు గంటలు పట్టింది. తీసిన కిడ్నీ కోస్తే లోపలంతా పసుపు ముద్దలు, ఫోటో చూపించారు. అయినా బయాప్సీ వచ్చేదాకా క్యాన్సర్ కాదు అని గట్టిగా ఒక్క మాట అనలేదు, అప్పుడు కోపమొచ్చింది గానీ ఇప్పుడు అదే నచ్చింది.

బిల్లింగ్ మాత్రం నరకం. ఇన్సూరెన్స్ డెస్క్‌లో జబ్బు పేరు రెండుసార్లు తప్పు రాశారు, రెండుసార్లూ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది, పొద్దున పదింటి డిశ్చార్జ్ సాయంత్రం ఆరున్నరకి అయ్యింది. క్యాంటీన్‌లో ఇడ్లీ పర్లేదు, సాంబార్ ముట్టొద్దు.

వెళ్లేవాళ్లు పాత సీటీ సీడీ తీసుకెళ్లండి, మాకు మళ్లీ తియ్యలేదు. జబ్బు పేరు కూడా మీరే కాగితం మీద రాసివ్వండి.