డీక్యూ హెర్క్యులిస్‌ కోసం 200 మి.మీ. టెలిస్కోప్‌: కొన్నేళ్ల వాడకం తర్వాత

200 మి.మీ. అద్దమున్న న్యూటోనియన్ టెలిస్కోప్‌, చల్లబరిచే ఏర్పాటున్న నలుపు తెలుపు కెమెరా, నక్షత్రం వెంట టెలిస్కోప్‌ను తిప్పే మోటారు మౌంట్‌. బెంగళూరు మారతహళ్లిలో మా మేడ మీద కొన్నేళ్లుగా ఇవే వాడుతున్నాను. చంద్రుణ్ణి చూడటానికి ఇంత సరంజామా అక్కర్లేదు. నేను కొన్నది డీక్యూ హెర్క్యులిస్‌ అనే నక్షత్రం వెలుగు కొలవడానికి.

1934 డిసెంబరులో నోవాగా (హఠాత్తుగా వెలుగు విపరీతంగా పెరిగే తారగా) పేలి కంటికి స్పష్టంగా కనిపించిన జంట నక్షత్రం ఇది. ఇప్పుడు 14, 15 మాగ్నిట్యూడ్‌ల దగ్గర మిణుకుమంటోంది (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ). అయస్కాంత క్షేత్రమున్న శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తార) చుట్టూ వాయువు పళ్లెంలా తిరుగుతుంటుంది. ఆ వాయువును అందించే చిన్న ఎర్ర తార 4 గంటల 39 నిమిషాలకోసారి పళ్లేనికి అడ్డొస్తుంది.

ఆ గ్రహణం ఈ పరికరాలకు బాగా అందుతుంది. 60 సెకన్ల ఫోటోలు వరుసగా తీసి, అదే ఫోటోలోని స్థిరమైన నక్షత్రాలతో పోల్చి చూస్తాను. పల్చటి మబ్బు వచ్చినా అన్నిటి వెలుగూ కలిసే తగ్గుతుంది కాబట్టి లెక్క చెడదు. తెరమీద వెలుగును చూపే చుక్కలు ఒక్కొక్కటిగా కిందికి జారి, అడుగు తాకి, మళ్లీ పైకెక్కుతాయి. ఆ గీత చూశాక కింది వాటాలోని అనంతపురం పెద్దాయన, "మేడ మీది దీపం నేను ఆర్పేస్తాను, నువ్వు కానివ్వు నాయనా" అన్నారు. నగర కాంతిలో ఆ సాయం చిన్నది కాదు.

ఖగోళ శాస్త్రజ్ఞుడు మెర్ల్ వాకర్ 1954లో కనిపెట్టిన, 71 సెకన్లకోసారి వెలుగులో వచ్చే కంపనం మాత్రం దీనికి దొరకదు. 60 సెకన్ల ఫోటోలో అది కలిసిపోతుంది. ఫోటో వ్యవధి పది సెకన్లకు కుదిస్తే వెలుగు చాలదు. దానికి పెద్ద అద్దం కావాల్సిందే.

అసలు లోపం మౌంట్‌ది. నక్షత్రం మధ్యాహ్నరేఖ (ఆకాశంలో ఉత్తర దక్షిణాలను నడినెత్తి మీదుగా కలిపే గీత) దాటగానే టెలిస్కోప్‌ గొట్టాన్ని మౌంట్‌ అవతలి వైపుకు తిప్పాలి. ఏప్రిల్ చివర్లో అది తెల్లవారుజామున నాలుగు ప్రాంతం. సరిగ్గా అప్పుడే గ్రహణం పడితే మధ్యలో కొంత చేజారుతుంది. దాని తర్వాత అయిదో గ్రహణం మర్నాడు సుమారు 46 నిమిషాలు ముందే వస్తుంది కనుక, ఆకాశం తేటగా ఉంటే అది దక్కుతుంది.

కొనేవారికి నా సలహా: అద్దం సైజు తగ్గినా సరే, డబ్బు మౌంట్‌ మీద పెట్టండి. కంప్యూటర్‌ గడియారాన్ని రోజూ సరిచేసుకోండి, లేకపోతే గ్రహణ సమయం తప్పుగా నమోదవుతుంది.