వెన్ను నరానికి రెండు వేర్లు: ముందుది, వెనుకది

వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయటికి వస్తాయి. దాదాపు ప్రతి నరమూ రెండు వేర్లు కలిసి ఏర్పడినదే. వెనుక వేరు నొప్పి, వేడి, స్పర్శల సమాచారాన్ని లోపలికి తెస్తుంది. ముందు వేరు కండరాలకు ఆజ్ఞలు తీసుకెళ్తుంది. ఈ తేడాను 1822లో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా మెజెండీ కుక్కపిల్లల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. ఆ ప్రయోగాలు చాలా క్రూరమైనవని కూడా చెప్పుకోవాలి.

నా దృష్టిలో అసలు తేడా కణాలు ఎక్కడున్నాయన్నదే. ముందు వేరు కణాలు వెన్నుపాము లోపల, బూడిదరంగు పదార్థంలో ఉంటాయి. పోలియో వైరస్ వాటినే దెబ్బతీస్తుంది. అందుకే కాలు చచ్చుబడినా స్పర్శ మాత్రం పోదు. వెనుక వేరు కణాలు వెన్నుపాము బయట, ఆ వేరు మీదే ఉండే చిన్న ఉబ్బులో ఉంటాయి. దాన్ని గాంగ్లియాన్ అంటారు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ అక్కడ ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, ఎప్పుడో సర్పిగా బయటపడుతుంది. ఒంటికి ఒకవైపే, పట్టీలా పొక్కులు రావడానికి కారణం ఇదే: ఒక్కో గాంగ్లియాన్‌కు చర్మంలో తనదైన భాగం ఉంటుంది.

రెండు వేర్లూ కలిశాక ఈ విభజన ఉండదు. మోచేతి దగ్గర నరం తెగితే తిమ్మిరీ, బలహీనతా రెండూ వస్తాయి.