ఒకినావాలో కారు అద్దెకు తీసుకునేవాళ్ళు జాగ్రత్త: ఆన్‌లైన్‌లో కొన్న ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ అక్కడ చెల్లదు

జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవులకి వెళ్ళే ఆలోచనలో ఉన్నవాళ్ళు, అక్కడ కారు అద్దెకు తీసుకుని తిరుగుదాం అనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. వెబ్‌సైట్లలో డబ్బు కట్టి తెప్పించుకునే ‘ఇంటర్నేషనల్ డ్రైవింగ్ లైసెన్సు’ జపాన్‌లో చెల్లదు. మేం అది కొని మోసపోయాం. ఒకినావాలోని నహా ఎయిర్‌పోర్టులో దిగిన గంటన్నరకి మాకా సంగతి తెలిసింది. అప్పటికే ఆరు రోజుల కారు అద్దె ముందుగా కట్టేసి ఉన్నాం. హోటలేమో అక్కడికి తొంభై కిలోమీటర్ల దూరంలో ఉంది.

మేం ఐదుగురం వెళ్ళాం. నేను, మా ఆయన, ఐదేళ్ళ పాప, అత్తయ్య, మామయ్య. అక్టోబరు చివరి వారం. టోక్యోలో మూడు రోజులుండి, అక్కడి హనేదా ఎయిర్‌పోర్టు నుంచి నహాకి ఫ్లైట్ ఎక్కాం. దాదాపు మూడు గంటల ప్రయాణం. మామయ్యకి చలి పడదు, అందుకే ఒకినావా ఎంచుకున్నాం. టోక్యోలో స్వెట్టర్లు వేసుకునే ఆ అక్టోబరు చివరి రోజుల్లో కూడా నహాలో పగలు 25 డిగ్రీలు దాటే ఉంటుంది. రోడ్ల పక్కన మందారాలు విరగబూసి ఉంటాయి. పాపని సముద్రంలో ఆడించొచ్చని కూడా ఆశపడ్డాం.

అక్కడ కారు లేకపోతే కష్టమని ముందే చదివాను. టోక్యోలోలాగా ఒకినావాలో రైళ్ళు లేవు. ఉన్నదల్లా యుయ్ రైల్ అనే ఒక్క మోనోరైలు. 2003లో మొదలైంది, 2019లో కొంచెం పొడిగించారు. ఎయిర్‌పోర్టు నుంచి తెదాకో ఉరానిషి దాకా 19 స్టేషన్లు, మొత్తం 17 కిలోమీటర్లు. నహా నగరం వరకు అది చాలు. కానీ అందరూ చూడాలనుకునే చురాఉమి అక్వేరియం ఉత్తరాన మోతోబులో ఉంది. సముద్రం మీద దాదాపు రెండు కిలోమీటర్లు సాగే కోరి వంతెన ఇంకా అవతల. మంజమో కొండచరియ ఒన్నాలో. అందుకని హోటల్ కూడా మోతోబులోనే తీసుకున్నాం.

పైగా అక్కడ మనలాగే రోడ్డుకి ఎడమ పక్క నడపాలి. యుద్ధం తర్వాత ఒకినావా అమెరికా పాలన కింద ఉండటంతో బళ్ళు కుడి పక్కన నడిచేవి. 1972లో జపాన్‌కి తిరిగి అప్పగించినా, 1978 జూలై 30న గానీ ఎడమకి మారలేదు. ఇవన్నీ చదువుకుని మా ఆయన ఎంతో ఉత్సాహంగా ఉన్నాడు. హైదరాబాద్‌లో పదిహేనేళ్ళుగా కారు నడుపుతున్నాడు.

తప్పు జరిగింది ఇక్కడే. ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలన్న సంగతి ప్రయాణానికి ఎనిమిది రోజుల ముందు గుర్తొచ్చింది. ఆఫీసులో నెలాఖరు పని, ఇంట్లో సామాను సర్దుకోవడం, ఆర్టీఏ ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారన్న టెన్షన్. ఫోన్‌లో వెతికితే అన్నిటికంటే పైన ఒక వెబ్‌సైట్ ప్రకటన వచ్చింది. లైసెన్సు ఫొటో, మన ఫొటో, సంతకం అప్‌లోడ్ చేస్తే చాలట. ఒక ఏడాదికి ఒక ధర, మూడేళ్ళకి ఒక ధర. నూట యాభైకి పైగా దేశాల్లో చెల్లుతుందని పెద్ద అక్షరాల్లో రాశారు, జపాన్ జెండా కూడా పెట్టారు. మూడేళ్ళది తీసుకుంటే లాభమని 3,900 రూపాయలు కట్టాను. గంటలో పీడీఎఫ్ వచ్చింది, మూడో రోజుకి కొరియర్‌లో పుస్తకం వచ్చింది. బూడిదరంగు అట్ట, లోపల పది పన్నెండు భాషలు, మెరిసే స్టిక్కరు, దానితో పాటు ఒక ప్లాస్టిక్ కార్డు. చేతిలోకి తీసుకుంటే నిజంగా ప్రభుత్వం ఇచ్చిన కాగితంలాగే ఉంది. నేనే మా ఆయన పాస్‌పోర్టు కవర్లో జాగ్రత్తగా పెట్టాను.

నహాలో కారు అద్దె కంపెనీల ఆఫీసులు చాలావరకు ఎయిర్‌పోర్టు బయట ఉంటాయి. వాళ్ళ వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. మమ్మల్ని తొయోసాకి వైపు తీసుకెళ్ళారు. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, మన హైదరాబాద్ లైసెన్సు చూసింది, తర్వాత ఆ పుస్తకం తెరిచింది. మొదటి పేజీ చూసి మూసేసింది. కౌంటర్ కింద నుంచి ఒక అట్ట తీసి మా ముందు పెట్టింది. ఏ దేశం పర్మిట్ ఎలా ఉంటుందో దాని మీద ఫొటోలున్నాయి. ఇండియా అన్నచోట ఉన్న ఫొటోకీ మా చేతిలో ఉన్నదానికీ పోలికే లేదు. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని చెప్పింది: రోడ్డు రవాణా గురించి దేశాల మధ్య కుదిరిన 1949 జెనీవా ఒప్పందం ప్రకారం మీ ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ అయితేనే కారు ఇవ్వగలం, ఇది ప్రభుత్వం ఇచ్చింది కాదు, ఇలాంటివి మా దగ్గరికి వస్తూనే ఉంటాయి, క్షమించండి. నాలుగైదు సార్లు తల వంచి మరీ చెప్పింది. మా ఆయన బతిమాలాడు. వాళ్ళ మేనేజరు కూడా వచ్చి అదే మాట అన్నాడు.

వాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. రాత్రి హోటల్‌లో కూర్చుని చదివాక, మమ్మల్ని ఎంత పెద్ద ప్రమాదం నుంచి తప్పించారో అర్థమైంది. చెల్లని పర్మిట్‌తో బండి నడిపితే జపాన్‌లో అది లైసెన్సు లేకుండా నడిపినట్టే. మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా. లైసెన్సు లేదని తెలిసి కూడా నన్ను ఫలానా చోటికి తీసుకెళ్ళు అని పక్కన కూర్చున్నవాళ్ళకీ శిక్ష ఉంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. కాబట్టి ఒకవేళ ఏ కౌంటర్‌లోనైనా సరిగ్గా చూడకుండా తాళాలు చేతిలో పెట్టినా, దయచేసి స్టీరింగ్ పట్టుకోకండి.

ఇక డబ్బు సంగతి. కారు నేరుగా కంపెనీ దగ్గర కాకుండా ఒక బుకింగ్ వెబ్‌సైట్‌లో తీసుకున్నాం, 62 వేల యెన్‌లు ముందే కట్టాం. మన లెక్కలో 35 వేల రూపాయల పైమాట. సరైన కాగితాలు చూపించలేకపోతే ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదని వాళ్ళ షరతుల్లో ఉంది. రాలేదు. లైసెన్సు అమ్మినవాళ్ళకి మెయిల్ పెడితే, మేం అమ్మింది మీ లైసెన్సుకి అనువాదం మాత్రమే, ప్రభుత్వ పత్రమని మేం ఎక్కడా చెప్పలేదు అని జవాబిచ్చారు. మళ్ళీ వెళ్ళి చూస్తే నిజమే, పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంది. పైన ‘ఇంటర్నేషనల్ డ్రైవింగ్ లైసెన్సు’ అని అంత పెద్దగా రాసి, కింద ఎవరికీ కనపడని చోట ఆ మాట దాచిపెట్టారు. క్రెడిట్ కార్డు బ్యాంకులో అభ్యంతరం పెట్టాను. ఆర్డర్ చేసిన వస్తువు మీకు అందింది కదా అని కొట్టేశారు. ఇండియా వచ్చాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు.

డబ్బు కన్నా నాకు బాధ కలిగించింది మామయ్య పడ్డ అవస్థ. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. టాక్సీలో మోతోబు వెళ్ళాలంటే 30 వేల యెన్‌ల దాకా అవుతుందన్నారు. సరే అని అసాహిబాషి స్టేషన్ పక్కనున్న బస్ టెర్మినల్‌కి చేరి, ఐదు పెట్టెలతో 117 నంబరు బస్సెక్కాం. అది హైవే మీదుగా అక్వేరియం వైపు వెళ్తుంది. టోక్యోలో రైళ్ళ కోసం కొన్న సుయికా అనే ప్రయాణ కార్డు మోనోరైల్లో పనిచేస్తుంది, మేమెక్కిన బస్సులో పనిచేయలేదు. చిల్లర కోసం పాపని ఎత్తుకుని పరుగెత్తాను. హోటల్ చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆ రోజంతా మామయ్య ఒక్క మాట అనలేదు. కారు బుక్ చేసింది నేను, ఆ పుస్తకం కొన్నది నేను. ఆ మౌనం నాకింకా గుర్తుంది.

అక్వేరియం మాత్రం మరునాడు చూశాం. పెద్ద తొట్టెలో తిమింగలం సొరచేప నెమ్మదిగా తిరుగుతుంటే పాప గంటసేపు కదల్లేదు. కోరి వంతెన, మంజమో వదులుకున్నాం. బస్సులున్నాయి కానీ గంటలకొద్దీ వేచి చూడటం పెద్దవాళ్ళ వల్ల కాదు. రెండు రాత్రుల తర్వాత మిగతా రోజుల హోటల్ డబ్బు వదిలేసుకుని నహాకి వచ్చేశాం.

నహాకి వచ్చాక ప్రయాణం మళ్ళీ తేలికైంది. లైసెన్సు సంగతి తేలనివాళ్ళు ముందు నుంచే నహాలో, మోనోరైలు స్టేషన్ దగ్గర హోటల్ తీసుకోండి. షురి కోటకి మోనోరైలు దిగి కాస్త నడిస్తే చాలు. 2019 అక్టోబరు 31న అక్కడ ప్రధాన మందిరం మంటల్లో కాలిపోయింది. తిరిగి కడుతున్న పనిని జనానికి కనపడేలా పెట్టి మరీ చేస్తూ వచ్చారు. కోకుసాయ్ దోరి వీధి, మకిషి మార్కెట్, కుండలు చేసేవాళ్ళ త్సుబోయా వీధి, ఇవన్నీ దగ్గర దగ్గరే. తోమారి రేవు నుంచి తొకాషికి దీవికి వేగంగా వెళ్ళే పడవలో ముప్పావు గంట కూడా పట్టదు, నీళ్ళు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. పాప ఆశపడ్డ సముద్రం అక్కడ దొరికింది. తిండి విషయంలో మాత్రం అడిగి తినండి. అక్కడ కాకరకాయ కూర పేరు గోయా చంపురు, చూడగానే ప్రాణం లేచొస్తుంది, కానీ సాధారణంగా అందులో పంది మాంసం ఉంటుంది. ఒకినావా సోబా అనే నూడుల్స్‌లో రసం కూడా దాంతోనే కాస్తారు.

ఇప్పుడు అసలు పర్మిట్ ఎలా తెచ్చుకోవాలో చెప్తాను. మన దేశం 1949 ఒప్పందంలో ఉంది, కాబట్టి మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ జపాన్‌లో చక్కగా చెల్లుతుంది. ఫారం 4ఏ నింపాలి. లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా, టికెట్ కాపీలు పెట్టాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 1,000 రూపాయలు, దాని మీద సర్వీసు చార్జీలు ఉండొచ్చు. నేను వెబ్‌సైట్‌కి కట్టినదానిలో మూడో వంతు కూడా లేదు. తిరిగొచ్చాక మా ఆయన పట్టుబట్టి వెళ్ళి చేయించుకున్నాడు. స్లాట్ దొరికిన వారంలోపే చేతికొచ్చింది. ఇది విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

చేతిలో ఉన్నది అసలుదో కాదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఇండియా పర్మిట్ ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఎవరైనా మూడేళ్ళది అమ్ముతున్నారంటే అక్కడే ఆగిపోండి. అట్ట మీద 1949 సెప్టెంబరు 19 నాటి ఒప్పందం అని ఉండాలి, ఇచ్చింది మన రవాణా శాఖ అధికారి అని ఉండాలి. లోపల కారుకి సంబంధించిన ‘బీ’ గడిలో ముద్ర పడిందో లేదో చూసుకోండి. స్కూటర్ అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే ‘ఏ’ గడిలో కూడా ఉండాలి. ఫోన్‌లో ఫొటో, పీడీఎఫ్ పనికిరావు, అసలు కాగితమే కావాలి. ఇదివరకు మన పర్మిట్లు రాష్ట్రానికో రకంగా ఉండేవి, 2022 ఆగస్టులో దేశమంతటికీ ఒకే నమూనా తెచ్చారు. అందుకని పాత ఫొటోలతో పోల్చి కంగారు పడకండి.

జపాన్‌లోనే ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళకి ఒక మాట. అక్కడ నివాసం నమోదై ఉండి, మూడు నెలలు తిరగకుండానే ఇండియా వచ్చి కొత్త పర్మిట్ తీసుకెళ్తే, ఆ రాకతో మీకు కొత్తగా ఏడాది గడువు మొదలవదు. మీరు జపాన్‌లో మొదట దిగి ఏడాది దాటిపోయి ఉంటే అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. మనకి రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ ఉంటాయి. 2025 అక్టోబరు నుంచి రాత పరీక్షలో ప్రశ్నలు పది నుంచి యాభైకి పెంచారు.

కారు బుక్ చేసేటప్పుడు కూడా, కొంచెం ఎక్కువైనా సరే, అక్కడికి వెళ్ళాక డబ్బు కట్టే పద్ధతి ఎంచుకోండి. పర్మిట్ ఫొటో ముందే కంపెనీకి మెయిల్‌లో పంపి, ఇది సరిపోతుందా అని అడగండి. ఆరేళ్ళలోపు పిల్లలుంటే చైల్డ్ సీటు తప్పనిసరి, అది కూడా అప్పుడే చెప్పండి.

ఎవరింట్లోనైనా ఇలాంటి బూడిదరంగు పుస్తకం ఉండి, జపాన్ టికెట్లు చేతిలో ఉంటే, ఈ రాత్రికే దాని మొదటి పేజీ తెరిచి చూడండి. ప్రయాణానికి పది రోజులున్నా చాలు, రేపు పొద్దున్నే ఆర్టీఏ స్లాట్ కోసం ప్రయత్నించండి. దొరక్కపోతే కారు బుకింగ్ ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని, ఆలోపే రద్దు చేసుకుని, హోటల్ నహాకి మార్చుకోండి.