బండి గ్రౌండులో, దోశ రంగనాయకులపేటలో: నెల్లూరు ఆదివారం బ్యాచ్ గురించి

బండి ఒక చోట, టిఫిన్ ఇంకో చోట. నెల్లూరులో నేను చాన్నాళ్ళుగా పోతున్న ఆదివారం ఫిట్‌నెస్ బ్యాచ్‌లో నన్ను పట్టి ఉంచింది ఈ ఒక్క ఏర్పాటే. పొద్దున్నే గ్రౌండులో ముప్పావు గంట క్లాసు, అది అయ్యాక అందరం కలిసి పాత ఊళ్ళోకి నడిచిపోయి ఏదో ఒక పేటలో టిఫిన్ తినడం, మళ్ళీ నడిచి గ్రౌండుకొచ్చి బండి తీసుకోవడం. బండి అక్కడుంది కాబట్టి రెండో నడక తప్పించుకోవడానికి వీల్లేదు. ఈ బ్యాచ్ బాగుందా అని ఆఫీసులో చాలామంది అడుగుతుంటారు, ఒకప్పుడు కళ్ళు మూసుకుని చేరిపొమ్మని చెప్పేదాన్ని, ఇప్పుడు కాస్త ఆలోచించి చెబుతున్నా, అదంతా కింద రాస్తాను.

క్లాసు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వార్మప్, స్క్వాట్లు, ప్లాంక్, రబ్బరు బ్యాండ్లతో భుజాలకు కాసేపు, ఒక వారం జుంబా పెడితే ఇంకో వారం సూర్య నమస్కారాలు. కోచ్ కుర్రాడు ఓపిక ఉన్నవాడు, నడుం నొప్పి ఉన్నవాళ్ళని గుర్తు పెట్టుకుని వాళ్ళకి వేరేగా చెబుతాడు. ఫీజు కూడా మామూలు జిమ్ము ఫీజు కంటే తక్కువే. ఇంతవరకూ ఎవరైనా చేసే పనే.

అసలు సంగతి క్లాసు అయ్యాక మొదలవుతుంది. మేముండేది రైలు కట్టకి అవతల, కొత్త లేఅవుట్ల వైపు. ఇటు వాళ్ళకి ట్రంకు రోడ్డన్నా చిన్నబజారన్నా సాయంత్రం పూట షాపింగుకి పోయి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, విసుక్కుంటూ ఇంటికొచ్చే చోట్లు. అదే ఊరు ఆదివారం ఏడు గంటలకి చూడాలి. షట్టర్లన్నీ దించి ఉంటాయి, పైన మిద్దెల మీద పాతకాలం కొయ్య కిటికీలు అప్పుడు కనపడతాయి. పూలవాళ్ళు గంపలు దించుతుంటారు, ఎవరో వాకిలి కడుగుతుంటారు, ప్రతి సందు మొగలోనూ ఒక పెనం వేడెక్కుతుంటుంది. మూలస్థానేశ్వరుడి గుడి ఉన్న మూలాపేట, సంతపేట, రంగనాయకులపేట, ఈ పేర్లన్నీ నాకు అంతకుముందు ఆటోవాళ్ళ నోట విన్నవే గానీ ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలిసేది కాదు. మా బ్యాచ్‌లో రిటైరైన తెలుగు మాస్టారొకాయన ఉన్నారు, నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి చెబుతారు. మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశాడని నేనూ బళ్ళో చదువుకున్నదాన్నే, కానీ పెన్న గాలి తగులుతుండగా, రంగనాథస్వామి గాలిగోపురం ఇళ్ళ మీదుగా కనపడుతుండగా ఆయన నోట వింటే అది పరీక్షకి చదివిన ముక్కలా అనిపించదు. కడుపులో ఆకలి కూడా ఉంటుంది గదా, ఆ ఆకలికి కళ్ళూ చెవులూ ముక్కూ అన్నీ పనిచేస్తాయి.

టిఫిన్ వారానికో పేటలో. ఎర్ర కారం పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కాల్చిన కారం దోశ ఎక్కువసార్లు. కొన్ని వారాలు పులి బొంగరాలు: పులిసిన దోశపిండిలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి నూనెలో వదిలితే పైన కరకర, లోపల మెత్తగా, అల్లం పచ్చడితో తినాలి. మలై కాజా మాత్రం కోచ్ పెట్టించడు, ఎవరికి వాళ్ళు పార్సిల్ కట్టించుకుని చేతిలో పట్టుకుని నడుస్తారు.

రంగనాయకులపేటలో జరిగిన ఒక ఆదివారం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మామిడికాయలు అప్పుడప్పుడే బజారుకొస్తున్న రోజులు. ఆ వారం మేం పోవాల్సింది ఒక ఇడ్లీ హోటలుకి. తీరా పోయేసరికి తలుపులు వేసున్నాయి, ఇంట్లో పెళ్ళంట. ఆకలి మీదున్న జనం ఇరవై మందికి పైనే ఉన్నాం, బండ్లేమో గ్రౌండులో, ఇంకో చోటికి పోదామన్నా మళ్ళీ నడకే. కోచ్‌కి టెన్షన్ మొదలైంది, ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. అప్పుడు ఆ పేటలోనే పుట్టి పెరిగిన ఒకాయన "పక్క సందులో ఒక అవ్వ దోశలు పోస్తాది, కూచోను జాగా ఉండదు, నిలబడి తింటామంటే రాండి" అన్నాడు.

పోయి చూస్తే అది హోటలు కాదు, ఒక ఇంటి అరుగు. అరుగు మీద ఒక పొయ్యి, ఒక పెనం, పిండి గిన్నె. చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలు స్టీలు గిన్నెలు పట్టుకుని వరసలో ఉన్నారు. ట్రాక్ ప్యాంట్లలో చెమటలు కారుతున్న మమ్మల్నందరినీ చూసి అవ్వ "యాడనించమ్మా ఇంతమంది?" అంది. గ్రౌండు నుంచి నడిచొచ్చాం అంటే, "అయితే ముందు నీళ్ళు తాగండి, పిల్లోళ్ళకి పోసి మీకు పోస్తా" అని బిందె చూపించింది. ఆమె తొందరపడలేదు. పిల్లలకి పోశాకే మాకు. మా వంతు సగం కూడా కాకముందే పచ్చడి అయిపోయింది. ఇంకేముంది, ఉత్త దోశ తినాల్సిందే అనుకుంటుంటే ఆమె లోపలికి కేకేసి కోడలి చేత ఒక మట్టి సట్టి తెప్పించింది. "రాత్రి పులుసుండాది, తినేవోళ్ళు తినండి."

మాది కనిగిరి వైపు, మెట్ట ప్రాంతం. మా ఇళ్ళలో చేప ఎప్పుడో ఒకసారి, అదీ మధ్యాహ్నం పూట, వేడి వేడి అన్నంలోకి. పొద్దున్నే చల్లటి చేపల పులుసు, అదీ దోశలోకి, నెల్లూరు వాళ్ళు తింటారని వినడమే గానీ నేనెప్పుడూ నోట పెట్టలేదు. సట్టి మూత తీస్తే పైన ఎర్రటి నూనె అంచుల వెంబడి తేలి ఉంది, గరిటె పెడితే పులుసు నీళ్ళలాగా కదలకుండా చిక్కగా పక్కకి జరిగింది. మామిడికాయ ముక్కలు తొక్కతో సహా ఉన్నాయి, టెంక మాత్రం తీసేసింది. బొచ్చె చేప ముక్క ఒకటి నా దోశ మీద వేసింది. దోశ ముక్క మడిచి పులుసు తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. ముందు మామిడికాయ పులుపు, వెనకనించి మెంతుల చేదు కొంచెం, ఆ తర్వాత కారం నిదానంగా. చేప ముక్క ఎక్కడ విరిచినా లోపలిదాకా ఉప్పూ పులుపూ పట్టి ఉంది. నా ముఖం చూసి అర్థమైందేమో, అవ్వ పెనం మీద నీళ్ళు చల్లుతూ అంది: "రాత్రి దించినప్పుడు పులుసు వేరు, చేప వేరమ్మా. తెల్లారేలోపల గదా రెండూ కలిసేది."

దోశలకి మాత్రమే డబ్బు తీసుకుంది. పులుసుకి ఎంత అని కోచ్ ఎన్నిసార్లు అడిగినా "అది మా ఇంట్లోకి వండుకున్నది, అమ్మేదానికి కాదు" అనేసింది. ఆ తర్వాత నుంచీ ఆ అరుగు మా లిస్టులో చేరింది. ఇప్పుడు మేం పోయే వారం ముందే చెబితే పెద్ద సట్టిలో పెడుతుంది, డబ్బు కూడా తీసుకుంటుంది, తీసుకోవాల్సిందే. రుచి ఆ మొదటి రోజంత ఉందా అంటే, మామిడికాయల కాలంలో ఉంటుంది, మిగతా రోజుల్లో చింతపండు ఒక్కటే కాబట్టి కాస్త తగ్గుతుంది. అయినా నెల్లూరు చేపల పులుసు అని బోర్డు పెట్టుకున్న ఏ హోటల్లోనూ నాకు ఆ రుచి తగల్లేదు.

ఇక వెనక్కి నడక. పోయేటప్పుడు ఆకలి నడిపిస్తుంది, వచ్చేటప్పుడు తిన్నది మొయ్యాలి. ఎనిమిదిన్నరకి నెల్లూరు ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మూడు దోశలు తిన్నవాళ్ళకి ట్రంకు రోడ్డు దాటేసరికి తెలిసిపోతుంది, రెండుతో ఆపినవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. మా కోచ్ ఎన్ని తినాలో ఎప్పుడూ చెప్పలేదు, క్యాలరీల లెక్కలూ చెప్పలేదు. కానీ కొన్ని వారాలకే ఎవరికి వాళ్ళు తగ్గించుకున్నారు, నేనైతే రెండో దోశకి నెయ్యి వద్దంటున్నాను, ఆ మాట నా నోట వస్తుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. సుగర్ బార్డర్‌లో ఉందని మా డాక్టరుగారు తిన్నాక కాసేపు నడవమని ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు, ఇంట్లో తింటే నేనెక్కడ నడుస్తాను, సోఫా పక్కనే ఉంటుంది. ఇక్కడ బండి దూరంగా ఉంది, నడవక తప్పదు.

ఇంత బాగున్న దాన్ని పాడుచేశారు, నా కోపం అక్కడే. పోయిన వానాకాలం సంగతి. మనకి వానలంటే అక్టోబరు నుంచే గదా అసలు వానలు. రెండు రోజులు గట్టిగా పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలబడతాయి, పాత పేటల సందుల్లో మోకాళ్ళ దాకా బురద. నడక వద్దు, టిఫిన్ గ్రౌండుకే తెప్పిస్తాం అన్నారు, న్యాయమే, ఎవరూ కాదనలేదు. డబ్బాలొచ్చాయి. మొలకెత్తిన పెసలు, ఉడకబెట్టిన గుడ్డు, చల్లారిపోయిన ఓట్స్ ఉప్మా, రెండు బొప్పాయి ముక్కలు. ఆరోగ్యానికి మంచిదే, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. కానీ సంక్రాంతి పోయింది, వానలు పోయాయి, నేల ఆరింది, డబ్బాలు మాత్రం పోలేదు. అడిగితే "మేడమ్, అందరికీ సౌకర్యంగా ఉందని" అన్నారు. ఎవరికి సౌకర్యం? బండి పక్కన నిలబడి ఐదు నిమిషాల్లో తినేసి, డబ్బా చెత్తబుట్టలో పడేసి, సెల్ఫ్ కొట్టి ఎవరి దారిన వాళ్ళు పోవడమేనా ఆదివారమంటే? మాస్టారి మాటలు లేవు, అవ్వ అరుగు లేదు. క్లాసు అదే, కోచ్ అదే, ఫీజు కూడా అదే, మనుషులు మాత్రం సగానికి సగం మానేశారు. ఆ సగం మందీ కసరత్తు కష్టమై మానేసినవాళ్ళు కాదు.

మేం కొందరం పట్టుబట్టి మాట్లాడాక ఇప్పుడు రెండు వారాలు నడక, రెండు వారాలు డబ్బా అన్నారు. మొహర్రం నెలలో రొట్టెల పండగ వారం మటుకు అన్నీ బంద్, స్వర్ణాల చెరువు వైపు కాలు పెట్టను సందుండదు. ఆ వారం మా బ్యాచ్‌లో నలుగురైదుగురు బారాషహీద్ దర్గా దగ్గరికి పోయి ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చారు, అది వేరే సంగతి.

కళ్ళు మూసుకుని చేరమని చెప్పడం ఎందుకు మానేశానంటే, అందరికీ ఇది సరిపోదు. సుగర్‌కి మందులు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో క్లాసు చేసి, ఆ పైన ఆకలితో నడిస్తే ప్రమాదం. మా బ్యాచ్‌లోనే ఒక పెద్దాయనకి దారి మధ్యలో చేతులు వణికి, చల్లటి చెమటలు పట్టాయి. మాస్టారి జేబులో చాక్లెట్లు ఉండబట్టి సరిపోయింది. అప్పట్నించీ క్లాసుకి ముందే ఒక అరటిపండు తినాలన్నారు, కానీ ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, అలాంటి మాత్రలు వాడేవాళ్ళు మాత్రం వాళ్ళ డాక్టర్ని అడక్కుండా రావద్దనే నేను చెబుతా. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పేటల్లో రోడ్లు సమంగా ఉండవు, కాలవల మీద బండలు కదులుతాయి. ఇంకోటి, ఆడవాళ్ళు గట్టిగా అడగాల్సిన విషయం: ఆ దారంతా బాత్రూముకి పోవాలంటే చోటుండదు. నేను పొద్దున నీళ్ళు తక్కువ తాగి బయల్దేరేదాన్ని, కసరత్తు చేసేవాళ్ళు అట్లా చెయ్యకూడదు, తెలుసు, కానీ ఏం చేస్తాం. నిర్వాహకులు ఒక హోటలు వాళ్ళతోనైనా మాట్లాడి పెట్టాలి, ఇంతవరకూ పెట్టలేదు. మే నెలలో క్లాసు ఐదింటికి జరిపితే టిఫిన్ దగ్గర పొయ్యిలు వెలగవు, జరపకపోతే ఎండ. అందుకని మేలో నేను మానేస్తాను.

నా వరకైతే కడుతూనే ఉన్నా. మా అత్తమ్మ ఆదివారం పొద్దున పిల్లల్ని చూసుకుంటున్నారు కాబట్టి నాకు కుదురుతోంది, ఆ వెసులుబాటు లేనివాళ్ళకి తొమ్మిది దాకా ఇల్లు వదలడం కష్టం. బ్యాంకు ఉద్యోగం, ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ వస్తుందో తెలియదు, ఉన్నన్నాళ్ళు ఈ ఊరు నడిచి చూడాలని నాకు ఆశ. మూడు నెలలకి కలిపి కడితే తగ్గిస్తామంటున్నారు, నేను మాత్రం ఏ నెలకానెలే కడుతున్నా. చేరాలనుకునేవాళ్ళు డబ్బులిచ్చే ముందు వచ్చే నెలలో నడక ఏ వారాలో, ఏ పేటలకో అడిగి రాయించుకోండి. డబ్బా వారాల్లో నేనింట్లోనే ఉంటా, పేరు చెప్పి ఎవరైనా నా డబ్బా తీసుకోవచ్చు.