కలరింగ్ బుక్కా, తెల్ల కాగితమా, పిండి ముద్దా: ఆటిజం ఉన్న పిల్లలకు ఏది మేలు?

బొమ్మలు వేయించండి, మంచిదని థెరపిస్టు చెప్పగానే చాలా ఇళ్లలో ఒక కలరింగ్ బుక్, స్కెచ్ పెన్నుల ప్యాకెట్ కొనేస్తారు. కొనేముందు ఒకటి తేల్చుకోవాలి. దీనివల్ల బిడ్డకు ఏం రావాలనుకుంటున్నాం? చేతి పట్టు రావాలా, మనసు కుదుటపడాలా, మనతో కలవడం అలవాటవ్వాలా? దాన్నిబట్టే ఏది మేలో తేలుతుంది.

కలరింగ్ బుక్‌ను తీసిపారేయలేం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎప్పుడు అయిపోతుందో అందులో ముందే తెలుస్తుంది. తర్వాత ఏం జరుగుతుందో తెలియక టెన్షన్ పడే పిల్లలకు అది పెద్ద ఊరట. ఆసుపత్రిలో వంతు కోసం కూర్చున్నప్పుడు, రైల్లో వెళ్తున్నప్పుడు నేనైతే అదే ఇస్తాను. కానీ ఎవరి వైపూ చూడకుండా పేజీలకు పేజీలు నింపేయొచ్చు. పైగా పెద్దవాళ్ల చూపంతా రంగు గీత దాటిందా లేదా అన్నదానిమీదే ఉంటుంది. చివరికి పిల్లవాడి చెయ్యి పట్టుకుని మనమే పూర్తి చేసేస్తాం. అప్పుడది మన బొమ్మ అవుతుంది, వాడిది కాదు.

తెల్ల కాగితంలో ఉన్న బలం వేరు. లండన్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ 1974లో పుట్టారు. మూడేళ్ల వయసులో ఆటిజం అని తేలింది. మాట లేదు, బొమ్మలే లోకం. అడిగి తీసుకుంటాడేమోనని టీచర్లు కాసేపు కాగితాలు, పెన్సిళ్లు ఆయనకు అందకుండా తీసి పెట్టేవారట. అలా ఆయన నోట వచ్చిన మొదటి మాట 'పేపర్'. ఆ తర్వాత నగరాలను ఒక్కసారి చూసి జ్ఞాపకంతో గీసే చిత్రకారుడయ్యారు. అంత ప్రతిభ చాలా అరుదు, అది మన పిల్లల్లో ఉందా అని వెతకక్కర్లేదు. నేను పట్టుకునేది ఆ మొదటి మాటనే. ఇష్టమైన వస్తువు ఎదుటివాళ్ల చేతిలో ఉన్నప్పుడు అడగాల్సిన అవసరం పుడుతుంది. రంగులను మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో మన దగ్గర పెట్టుకోవచ్చు. వేలు చూపినా, బొమ్మ కార్డు ఇచ్చినా, 'ఎ...' అని ఎరుపును సగమే పలికినా వెంటనే ఇచ్చేయాలి. ఏడిపించి అడిగించుకోవడం మాత్రం తప్పు.

ఖాళీ కాగితం చూసి బిగుసుకుపోయే పిల్లలూ ఉంటారు. వాళ్లకోసం ముందు మనమే ఒక గీత గీసి ఆగాలి. కొందరు రోజూ ఫ్యానే గీస్తారు. వద్దనకండి. దాని కింద మీరు ఒక స్విచ్ గీయండి, ఇంకోరోజు మంచం గీయండి. ఇద్దరి చూపూ ఒకే కాగితం మీద నిలవడమే ఇక్కడ అసలు పని.

పెన్సిల్ పట్టు ఇంకా రాని చిన్నపిల్లలకు ముద్దే ముందు. పిసకడం, సాగదీయడం, గిల్లడం వల్ల వేళ్లకు బలం వస్తుంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే అలవాటుంటే బంకమట్టి వద్దు. చపాతీ పిండిలో కాస్త పసుపో బీట్‌రూట్ రసమో కలపండి, అప్పుడూ పక్కనే ఉండండి. తడి తగిలితే చెయ్యి లాగేసుకునే పిల్లల్ని బలవంతపెట్టకూడదు. జిప్ కవర్లో రంగు పోసి, మూతికి టేపు అంటించి ఇస్తే పైనుంచి నొక్కుతారు, చేతికి అంటదు.

ఫోన్లో రంగులేసే యాప్‌లను చివర్లో పెడతాను. అక్కడ ఒత్తిడి, తడి, బరువు ఏవీ వేలికి తెలియవు.

అయితే బొమ్మలు మాట వచ్చేదాకా వేసే తాత్కాలిక వంతెన అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 1967లో పుట్టిన, ఆటిజం ఉన్న నాడియా అనే పాప మూడున్నరేళ్లకే పరుగెత్తే గుర్రాలను పెద్ద చిత్రకారులు వేసినట్టు వేసింది. కొంత మాట వచ్చాక ఆ బొమ్మలు తగ్గిపోయాయి. మాటే కారణమా అన్నది తేలలేదు. అందుకే స్పీచ్ థెరపీ మొదలైందని బొమ్మల సమయాన్ని కోసేయడం నాకు నచ్చదు.

మొత్తంమీద నా ఓటు ఇద్దరు కూర్చునే తెల్ల కాగితానికే. కాగితం వెనక తేదీ, ఆ రోజు బిడ్డ దేన్ని ఎలా అడిగాడో రాసి ఉంచండి. నెల తర్వాత స్పీచ్ థెరపిస్టుకు ఆ కట్టనే చూపించవచ్చు.