సోమవారం మూసి ఉంటుంది: మా కాన్సస్ సిటీ ప్రయాణం

ముందే చెప్పేస్తున్నాను. కాన్సస్ సిటీలోని నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియానికి సోమవారం సెలవు. మేము వెళ్లింది సోమవారమే. ఆ ఒక్క పొరపాటు వల్ల ఇంకో రాత్రి ఉండాల్సి వచ్చింది. దానికి 255 డాలర్లు వదిలాయి. పైగా, జన్మలో సిగరెట్టు ముట్టని మా మీద 150 డాలర్ల జరిమానా పడింది. ఆ భాగోతం కాసేపాగి చెబుతాను.

నిజానికి మా ఇంట్లో ఎవరికీ బేస్‌బాల్ ఓనమాలు రావు. మా వారు గుంటూరులో 24 ఏళ్లు జిల్లా లీగ్ క్రికెట్ మ్యాచ్‌లకి స్కోరర్‌గా చేశారు. ఇప్పటికీ టీవీలో మ్యాచ్ వస్తుంటే పక్కన నోటుబుక్కు ఉండాల్సిందే. 2024 జూన్ 6న డాలస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించినప్పుడు మా వారూ, అల్లుడూ ఆ స్టేడియంలోనే ఉన్నారు. టికెట్టు ఎంతయిందో అల్లుడు ఇవాళ్టికీ చెప్పలేదు. ఇంటికి వస్తూ, "మామయ్యగారూ, ఇది మొదట బేస్‌బాల్ స్టేడియమండీ, క్రికెట్ కోసం మార్చారు" అన్నాడట. అలా మాటల్లో పాతకాలం నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాష్ గిబ్సన్ పేరు వచ్చింది.

అంతకు వారం ముందే ఇక్కడి బేస్‌బాల్ సంస్థ తన రికార్డు పుస్తకాలను సవరించింది. తెల్లవాళ్ల పెద్ద లీగ్‌లోకి రానివ్వని నల్లజాతి ఆటగాళ్లు 1920 నుంచి 1948 దాకా తమ లీగుల్లో ఆడిన ఆటను అధికారిక లెక్కల్లో కలిపింది. దాంతో అందరికన్నా ఎక్కువ బ్యాటింగ్ యావరేజ్ టై కాబ్‌ది (.367) కాకుండా పోయి, జాష్ గిబ్సన్‌ది (.372) అయింది. అంటే వెయ్యిసార్లు బ్యాటు పడితే 372 సార్లు హిట్ కొట్టినట్టు. గిబ్సన్ చనిపోయింది 1947 జనవరిలో, 35 ఏళ్లకి.

"పోయి 77 ఏళ్లయిన మనిషి స్కోరు ఇప్పుడెలా మారుతుంది?" మా వారు రెండు రోజులు ఇదే పాట. మూడో రోజున అమ్మాయి విసుగొచ్చి, "నాన్నా, వెళ్లి చూసొద్దాం పదండి" అంది.

జూన్ 16 ఆదివారం పొద్దున ఆరింటికి డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో బయల్దేరాం. దూరం 500 మైళ్ల పైనే, పెట్రోలుకి 68 డాలర్లు. ఓక్లహోమాలో 69వ నంబరు రోడ్డు మీద మస్కోగీ అనే ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర ఆగాం, తొమ్మిదేళ్ల మనవరాలికి అర్జెంటయి. తలుపు మీద 'కస్టమర్లకు మాత్రమే' అని రాసుంది. ట్యాంకు నిండుగా ఉంది, అందుకని 2 డాలర్ల 79 సెంట్లు పెట్టి చిప్స్ ప్యాకెట్టు కొని తాళం అడిగాం. బాత్రూంకి కూడా కొనుగోలా అని నేను కారెక్కాక కూడా సణుగుతూనే ఉన్నాను. ఈ ఊరు గుర్తుపెట్టుకోండి.

సాయంత్రానికి చేరాం. హైవే పక్కన ఒక మోటెల్. ఆన్‌లైన్‌లో గది 84 డాలర్లు, రెండు గదులు పన్నులతో కలిపి 197. 'నాన్ స్మోకింగ్' అని స్పష్టంగా ఉంది. తలుపు తీయగానే రైలు పెట్టె బాత్రూం దగ్గర బీడీ కాల్చినట్టు గుప్పుమంది. కర్టెన్ పట్టుకుంటే చేతికి వాసన. కౌంటర్లో అబ్బాయికి చెబితే, వేరే గది లేదన్నాడు, ఒక స్ప్రే డబ్బా చేతిలో పెట్టాడు. ఆ స్ప్రే కొట్టాక సిగరెట్టు వాసనా, నిమ్మకాయ వాసనా కలిసి ఇంకా ఘోరం. కిటికీ చూస్తే తెరుచుకునే రకం కాదు. అమ్మాయి పెట్టిన పులిహోర అక్కడ తినబుద్ధి కాక పార్కింగులో కారు డిక్కీ తెరుచుకుని తిన్నాం.

సోమవారం పొద్దున్నే 18వ వీధికి వెళ్తే మ్యూజియం తలుపులు మూసి ఉన్నాయి. మా వారు నోరు విప్పలేదు. ఆయన నోరు విప్పకపోతే అరిచినదానికన్నా భయం. అల్లుడు ఫోన్లో తల దూర్చి ఏదో వెతికి, "సాచెల్ పేజ్ సమాధి ఈ ఊళ్లోనే ఉందండీ" అన్నాడు.

ఫారెస్ట్ హిల్ శ్మశానం. పైసా టికెట్టు లేదు, చెట్ల నీడ. విడిగా ఒక చిన్న దీవిలాంటి చోట పేజ్ సమాధి, పక్కనే ఆయన భార్య లహోమాది. పేజ్ అంటే బాగా గురి ఉన్న బౌలర్ అనుకోండి, బేస్‌బాల్‌లో పిచర్ అంటారు. పెద్ద లీగ్‌లోకి రానిచ్చింది 1948లో, అప్పటికి ఆయనకి 42 ఏళ్లు. మనవాళ్లు ఆ వయసుకి కామెంటరీ చెబుతుంటారు. 1965లో, 59 ఏళ్ల వయసులో, ఇదే ఊరి జట్టు జనాన్ని రప్పించడానికి ఆయన్ని మళ్లీ పిలిచింది. వేళాకోళంగా పక్కన ఊగే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన లేచి వెళ్లి మూడు ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో ఒక్కోటి మూడు అవుట్లకే అయిపోతుంది) వేసి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. మా వారికి మాట తిరిగి వచ్చింది ఇక్కడే: "మూడు మెయిడెన్లు!" బేస్‌బాల్ ఇన్నింగ్సూ, మెయిడెన్ ఓవరూ ఒకటి కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

సమాధి రాయి మీద ఎప్పటికీ కుర్రాడిలా ఉండటానికి ఆయన చెప్పిన సూత్రాలు చెక్కారు. వేపుడు మాంసం రక్తాన్ని మరగబెడుతుంది, తినొద్దు అన్నది మొదటిది. చివరిది, వెనక్కి చూడొద్దు, ఏదో తరుముకొస్తుండొచ్చు అని. మొదటిదాన్ని అమ్మాయి రెండుసార్లు చదివింది వాళ్ల నాన్నకి వినపడేలా.

మధ్యాహ్నం ఆర్థర్ బ్రయంట్స్‌లో భోజనం. మేము పెద్ద మాంసాలు తినం కాబట్టి టర్కీ తీసుకున్నాం. తెల్ల బ్రెడ్డు ముక్కల మీద ఎత్తుగా పేర్చి ఇచ్చారు, ఐదుగురికి 71 డాలర్లు. ఆ సాస్ గురించి చెప్పాలి. అమెరికాలో అన్నిటికీ బెల్లం పాకం పోస్తారని నా అభిప్రాయం. ఇది మాత్రం తీపి కాదు. పుల్లగా, ఘాటుగా, నాలుక మీద కారప్పొడి రవ్వలా గరగరలాడుతూ ఉంది. అన్నం ఉంటే కలుపుకునేదాన్ని. సీసా 8 డాలర్లు, రెండు కొన్నాను. ఆ రోజుకి దక్కింది ఆ సాస్ ఒక్కటే, మిగతాదంతా ఎండ.

ఆ రాత్రికి అదే మోటెల్. ఈసారి గది 109 చెప్పాడు. నిన్న 84 కదా అంటే, అది ఆన్‌లైన్ రేటు, ఇది కౌంటర్ రేటు అన్నాడు. రెండు గదులకి పన్నులతో 255. కౌంటర్ ముందే నిలబడి ఫోన్లో బుక్ చేస్తామంటే గదులు నిండిపోయినట్టు చూపిస్తోంది. ఊరు మారితే మారాం గానీ, పార్వతీపురం బస్టాండు దగ్గరి లాడ్జీ తెలివితేటలే ఇక్కడా.

మంగళవారం పది గంటలకి మ్యూజియం. పెద్దలకి 10 డాలర్లు, పిల్లకి 6, మొత్తం 46. మా ప్రయాణంలో మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు ఇదొక్కటే. ('నీగ్రో' అనే మాట ఇప్పుడు ఎవరూ వాడరు. ఆ రోజుల్లో లీగ్ తనకి తాను పెట్టుకున్న పేరు కాబట్టి అలాగే ఉంచారు.)

లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా ఒక చిన్న బేస్‌బాల్ మైదానం, దాని మీద మనిషెత్తు కంచు బొమ్మలు. వెళ్దామంటే మధ్యలో కోళ్ల గూటికి కొట్టే వల అడ్డం. ఆ రోజుల్లో నల్లవాళ్లని అలాంటి వల వెనకే కూర్చోబెట్టేవారు. చరిత్రంతా చుట్టూ తిరిగి చూశాక, చిట్టచివర గానీ ఆ మైదానంలోకి దారి లేదు. మనవరాలు మొదటి నిమిషంలోనే వలకి ముక్కు ఆనించి నిలబడింది.

1884లోనే మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) టొలీడో జట్టుకి పెద్ద లీగ్‌లో 42 ఆటలు ఆడాడు. అందరూ మొదటివాడు అనుకునే జాకీ రాబిన్సన్ వచ్చింది 1947లో, మధ్యలో అరవై ఏళ్ల పైన తలుపు మూసేశారు. వాకర్ గొప్ప క్యాచరే అని ఆ జట్టు పిచర్ టోనీ ములేన్ తర్వాత ఒప్పుకున్నాడు. కానీ నల్లవాడన్న అయిష్టంతో ఏ బంతి వేయాలో చెప్పే అతని సైగలు చూడకుండానే బంతి వేసేవాడినని కూడా తనే చెప్పాడు. కీపర్‌కి చెప్పకుండా బౌలర్ ఇష్టం వచ్చినట్టు వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. మా వారు ఇది విని, "మన పల్వంకర్ బాలూ" అన్నారు. ఆ కథ అల్లుడికి తెలియదు. 1911లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టులో వంద దాటి వికెట్లు తీసిన దళిత బౌలర్. సొంత జట్టువాళ్లే ఆయనకి టీ బయట, విడిగా మట్టి కప్పులో ఇచ్చేవారు. ఎన్నేళ్లు ఆడినా హిందూ జట్టు కెప్టెన్సీ ఇవ్వలేదు. తమ్ముడు విఠల్‌కి దక్కింది.

మనవరాలు ఆగింది టోనీ స్టోన్ ఫొటో దగ్గర. 1953లో ఇండియానాపొలిస్ క్లౌన్స్‌కి మగవాళ్లతో కలిసి సెకండ్ బేస్ అనే ఫీల్డింగ్ స్థానంలో ఆడిన మహిళ. స్కర్టు వేసుకుని ఆడమంటే ఒప్పుకోలేదట. "మా స్కూల్లో నన్ను బేస్‌బాల్ కాదు, సాఫ్ట్‌బాలే ఆడమన్నారు" అని పిల్ల మూతి ముడిచింది. మరుసటి ఏడాది స్టోన్ ఈ ఊరి మోనార్క్స్ జట్టులోనే ఆడిందని చదివాక కాస్త తేరుకుంది.

మా వారి ప్రశ్నకి జవాబు గిబ్సన్ గురించి రాసిన చోట దొరికింది. లెక్కలు కొత్తగా పుట్టలేదు. నల్లజాతి వార్తాపత్రికలు, పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ లాంటివి వేసిన స్కోరు పట్టికలని పరిశోధకులు ఏళ్ల తరబడి ఏరి కూర్చారు. దాదాపు నాలుగింట మూడు వంతులు దొరికాయట, మిగతావి వెతుకుతూనే ఉన్నారు. అందుకే గిబ్సన్ హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) దాదాపు 800 అని, బేస్‌బాల్ మహామహులకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోని ఫలకం మీద ఉన్నా, అధికారిక లెక్క అందులో చాలా తక్కువ. ఊరూరా తిరిగి ఆడిన ఎగ్జిబిషన్ ఆటలు కలపరు. "కరెక్టే, టోర్నమెంటు మ్యాచ్ కానిది లెక్కలోకి రాదు" అని మా వారు తలూపి, కాసేపటికి, "కానీ టోర్నమెంటులోకి రానివ్వకపోతే వాడేం చేస్తాడు?" అన్నారు. గిబ్సన్ సమాధి మీద 1975 దాకా పేరే లేదట.

ఒక పెద్దాయన, అక్కడ గైడు, మమ్మల్ని చూసి ఎక్కడినుంచి వచ్చారని అడిగారు. మస్కోగీ మీదుగా అన్నాం. ఆయన నవ్వి, ఈ మ్యూజియానికి ప్రాణం పోసిన బక్ ఓనీల్ చెప్పే కథ ఒకటి చెప్పారు. మోనార్క్స్ బస్సు ఏళ్ల తరబడి మస్కోగీలో ఒక బంకులో పెట్రోలు పోయించుకునేది. బాత్రూంలోకి మాత్రం రానిచ్చేవారు కాదు. 1945లో జట్టులో కొత్తగా చేరిన జాకీ రాబిన్సన్ బస్సు దిగి బాత్రూం వైపు నడిచాడు. బంకువాడు కుదరదన్నాడు. జాకీ, "అయితే గొట్టం తీసెయ్" అన్నాడు. బస్సుకి రెండు ట్యాంకులు, ఒక్కోటి యాభై గ్యాలన్లు. అంత బేరం మళ్లీ ఎప్పుడొస్తుంది? వెళ్లండి, త్వరగా రండి అన్నాడట బంకువాడు. అప్పటినుంచి జట్టు ఎక్కడ ఆగినా ముందు బాత్రూం సంగతి అడిగేదట.

మా చిప్స్ ప్యాకెట్టు సంగతి నేను ఎత్తలేదు.

బక్ ఓనీల్ విషయంలో మాత్రం నాకు కోపం వచ్చింది, ఆయన తరఫున. 2006లో నల్లజాతి లీగులకి చెందిన 17 మందిని హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నుకున్నారు, ఒక్కరూ బతికి లేరు. బతికున్న ఓనీల్‌ని ఎన్నుకోలేదు. ఆ 17 మంది తరఫున వేదికెక్కి మాట్లాడింది ఆయనే, నవ్వుతూ. అదే ఏడాది అక్టోబరులో 94 ఏళ్లకి పోయారు. 2022లో చేర్చారు. మా వారి పెన్షన్ అరియర్స్ కూడా ఇంతకన్నా ముందే వచ్చాయి.

చివరికి వల దాటి మైదానంలోకి వచ్చాం. పేజ్ కాలెత్తి బంతి వేస్తున్నాడు, గిబ్సన్ గొంతుకూర్చుని అందుకోబోతున్నాడు, క్యూబా ఆటగాడు మార్టిన్ డిహిగో బ్యాటుతో. మా వారు గిబ్సన్ బొమ్మ పక్కన వంగి కూర్చుని లేవలేక అల్లుడి చెయ్యి పట్టుకున్నారు. రెండు గంటలు చాలనుకున్నాం, నాలుగు పట్టింది. మూడు వీధుల అవతల 1920 ఫిబ్రవరి 13న రూబ్ ఫాస్టర్ ఈ లీగ్‌ని పుట్టించిన పాసియో వైఎంసీఏ భవనం ఉంది. బయటినుంచే చూశాం.

మూడు రోజులకి అమ్మాయి కార్డు మీద మోటెల్ నుంచి 150 డాలర్లు పడింది: 'గదిలో పొగ తాగినందుకు శుభ్రపరిచే రుసుము'. ఫోన్ చేస్తే, గదిలో వాసన వచ్చిందన్నారు. వాసన వచ్చిందని మేమే కదా చెప్పాం! రాసి పెట్టలేదుట. అమ్మాయి మొదటి రాత్రి స్ప్రే డబ్బాతో సహా గది వీడియో తీసి స్నేహితురాలికి పంపి ఉండబట్టి బతికాం. కార్డు బ్యాంకుకి అది పంపితే 24 రోజులకి డబ్బు వెనక్కి వచ్చింది. గది తలుపు తీయగానే వీడియో తీయండి, సామాను తర్వాత దింపుకోవచ్చు.

తిరుగు దారిలో మస్కోగీ రాగానే కారాపమన్నారు మా వారు. అదే బంకు. అల్లుడు పంపు వైపు తిప్పబోతే, "ఆగవయ్యా. ముందు బాత్రూం, తర్వాతే పెట్రోలు" అన్నారు. ఈసారి తాళం అడగక్కర్లేదు, తలుపు తీసే ఉంది. పెట్రోలు 22 డాలర్ల 40 సెంట్లు.