లేర్ దు తాం: పావురాల సీసాతో కొన్నేళ్లు

ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ నినా రిచ్చి వారి సెంటు 'లేర్ దు తాం'ను పరిమిత సంఖ్యలో విడుదల చేసిన క్రిస్టల్ (మెరుపు ఎక్కువుండే మేలురకం గాజు) సీసాలో కొనుక్కుని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఈ సీసా కొన్నవారిలో చాలామంది దీన్ని తెరవరు, అద్దాల బీరువాలో పెట్టి చూసుకుంటారు. నేను పూసుకోవడానికే కొన్నాను. అందుకే ముందు సెంటు సంగతి, తర్వాతే సీసా.

ఇది 1948 నాటి కూర్పు, ఫ్రాన్సిస్ ఫాబ్రోన్ చేతి పని. పూల సెంటు అనగానే గులాబీయో మల్లెయో గుర్తొస్తుంది కానీ ఇక్కడ పెత్తనమంతా కార్నేషన్‌దే. ఆ పువ్వు వాసనకు ఆయువుపట్టు యూజినాల్. లవంగ నూనెలో ప్రధానంగా ఉండేదీ అదే. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క చురుకు కాస్త తగ్గగానే, పూల మెత్తదనం వెనక నుంచి సన్నని మసాలా ఘాటు పైకి వస్తుంది. నాకు ఈ సెంటులో ప్రాణమైన ఘడియ అదే. గులాబీ, మల్లె, గార్డీనియా అన్నీ ఉన్నాయి, ఏదీ విడిగా చేతికి చిక్కదు. వాటిని అలా కలిపి పట్టి ఉంచేది బెంజైల్ సాలిసిలేట్. విడిగా చూస్తే దాని వాసన చాలా తక్కువ, కొందరికైతే అసలు తెలియనే తెలియదు. అలాంటి పదార్థాన్ని ఫాబ్రోన్ ధారాళంగా పోశాడు. పూల చుట్టూ పరచుకునే ఆ మృదుత్వం దాని చలవే. చివరికి చర్మం మీద ఐరిస్ అనే పూల మొక్క వేరు పొడిదనం, చందనం మిగులుతాయి.

సెంటు ముందు, మనిషి వెనక గదిలోకి వచ్చే రకం కాదిది. పక్కన కూర్చున్నవారికి తెలుస్తుంది, అంతే. నాకు కావలసిందీ అదే. ఒక మాట మాత్రం చెప్పాలి. యూజినాల్, ఐసోయూజినాల్ కొందరి చర్మానికి పడవు కాబట్టి వాటి మోతాదుకు ఇప్పుడు హద్దులున్నాయి. దశాబ్దాల నాటి సీసాలో ఉన్నంత ఘాటును కొత్తదానిలో ఆశించకండి.

ఇక సీసా. జంట పావురాల బిరడాను 1951లో ఫ్రెంచి గాజు కళాకారుడు మార్క్ లాలిక్ రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లాలిక్ కర్మాగారాన్ని గాజు నుంచి క్రిస్టల్‌కు మళ్లించింది కూడా ఆయనే. దగ్గరగా చూస్తే పావురాల ఒళ్లంతా మసక నునుపు, రెక్కల మీద ఒక్కో ఈకకు ఒక్కో గీత. ఆ గీతల్లో దుమ్ము ఇట్టే చేరుతుంది, తడిగుడ్డ కన్నా మెత్తని పొడి కుంచెకే బాగా లొంగుతుంది. బిరడా తీసేటప్పుడు పావురాలను పట్టి లాగకూడదు. ఒక చేత్తో సీసా మెడ పట్టుకుని, రెండో చేత్తో బిరడాను అడుగు భాగంలో పట్టి నెమ్మదిగా తిప్పాలి. గరగరమని చిన్న చప్పుడు చేసి వదులుతుంది. బిరడా కొసకు అంటిన తడిని మణికట్టుకు తాకిస్తే చాలు, రెండోసారి ముంచనక్కర్లేదు.

చిక్కు కూడా ఆ బిరడాతోనే. అరగదీసి అమర్చిన బిరడా ఏ సీసాదైనా గాలిని పూర్తిగా ఆపలేదు. అందుకే ఫ్రెంచి పెర్ఫ్యూమ్ సంస్థల్లో సీసా మెడకు పలుచని పొర చుట్టి, దారంతో బిగించి కట్టే పద్ధతి ఉంది. వాడాలంటే ఆ కట్టు తెంపక తప్పదు, తెంపాక ఆల్కహాలు మెల్లగా ఆవిరవుతూనే ఉంటుంది. పైగా క్రిస్టల్ వెలుగులో ఉంటేనే అందం, సెంటు చీకట్లో ఉంటేనే క్షేమం. కట్టు తెంపిన రోజే నేను చాలా భాగాన్ని ముదురు రంగు చిన్న సీసాల్లోకి, గాలికి చోటు లేకుండా నిండా పోసి, చల్లని అరలో పెట్టాను. పావురాల సీసాలో అడుగున కొంచెం మాత్రమే ఉంచాను. ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా కళ్లకే కనిపిస్తుంది. అరలోది లేత పసుపుగానే ఉంది, క్రిస్టల్‌లోది తేనె రంగుకు తిరిగింది. దానిలో బెర్గమాట్ దాదాపు పోయింది, కార్నేషన్, చందనం మాత్రం చెక్కుచెదరలేదు.

పావురాలకే డబ్బు పెట్టేవారు సెంటు గురించి దిగులు పడకుండా కొనవచ్చు. రోజూ పూసుకోవాలనుకునేవారికి మామూలు స్ప్రే సీసా చాలు. రెండూ కావాలనుకునేవారు నాలాగే వేరే సీసాల్లోకి పోసుకోవాలి. ఇంతకుముందు ఒకరి దగ్గర ఉన్న సీసాను కొంటుంటే ముక్కుల కొసలు, రెక్కల అంచులు వేలితో తడిమి చూడండి, పెచ్చులు ముందుగా లేచేది అక్కడే. బిరడా ఆ సీసాదేనా అన్నదీ చూడాలి. వేరే సీసా బిరడా అయితే మెడలో వదులుగా ఆడుతుంది, లేదా సగంలోనే ఆగిపోతుంది.